స్లాబ్‌లో ఉన్న వెండి నాణేనికి అంచున రంగు వస్తోంది: మురిసిపోవాలా, బెంగపడాలా?

వెండివెన్నెల

అందరికీ నమస్కారం. నా దగ్గర 1881లో శాన్ ఫ్రాన్సిస్కో టంకశాలలో ముద్రించిన మోర్గాన్ డాలరు అనే అమెరికా వెండి నాణెం ఒకటి ఉంది. గ్రేడింగ్ సంస్థ ఎంఎస్ 65 గ్రేడు (చలామణిలో వాడని నాణేలకు 70 దాకా ఇచ్చే అంకెల్లో 65) వేసి స్లాబ్‌లో, అంటే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, బిగించిన నాణేన్నే ఆరేళ్ల క్రితం కొన్నాను. అప్పట్లో అది ఎక్కడా మరక లేకుండా, కొద్దిగా తిప్పితే చాలు కాంతి రేఖలు చక్రంలా తిరిగేంత మెరుపుతో ఉండేది. నెల రోజుల క్రితం పెట్టె తెరిచి చూసినప్పుడు బొమ్మ వైపు ఎడమ అంచున, గడియారం ముఖం మీద ఏడు నుంచి పది అంకెల దాకా ఉండే మేర, నెలవంక ఆకారంలో సన్నగా తేనె రంగు కనిపించింది. నిన్న భూతద్దం పెట్టి చూస్తే ఆ తేనె రంగుకు వెలుపల, సరిగ్గా అంచును ఆనుకుని, వెంట్రుక మందాన నీలి గీత కూడా ఉంది.

నా సందేహాలు మూడు. స్లాబ్‌లో గాలి చొరబడుతోందా? ఈ రంగు వల్ల గ్రేడు తగ్గినట్లేనా? స్లాబ్ పగలగొట్టి నాణేన్ని శుభ్రం చేయించి మళ్లీ గ్రేడింగ్‌కు పంపడం మంచిదా? వెండి నాణేలకు వచ్చే రంగుల కోసమే ఎగబడి కొనేవాళ్లు ఉన్నారని విన్నాను కానీ, నా నాణేనికి వచ్చింది అందమో రోగమో నాకు అర్థం కావడం లేదు.

భూతద్దం

వెండివెన్నెల గారూ, ముందుగా ఆ నాణేన్ని ఏమీ చేయకండి. ఆరేళ్లుగా జరుగుతున్న మార్పుకు ఈ వారంలో మందు వేయకపోతే కొంప మునిగేదేమీ లేదు.

మొదటి సందేహానికి జవాబు సూటిగా చెప్పవచ్చు. ఏ గ్రేడింగ్ సంస్థ స్లాబ్ అయినా గాలి చొరబడనిది కాదు. రెండు ప్లాస్టిక్ పలకలను శబ్దతరంగాల వేడితో అతికిస్తారు. ఆ అతుకు నాణేన్ని ఎవరూ వేరొకదానితో మార్చేయకుండా, రాసుకోకుండా, వేలిముద్రలు పడకుండా కాపాడుతుంది తప్ప వాయువులను పూర్తిగా ఆపదు. కాబట్టి మీ స్లాబ్ పాడైపోయిందని అనుకోనక్కరలేదు. అది మొదటి నుంచీ అంతే.

ఇక మీరు చేయవలసింది పరిశీలన. ఒకే ఒక దీపం వెలుగులో, మిగిలిన దీపాలు ఆర్పేసి, స్లాబ్‌ను నెమ్మదిగా అటూ ఇటూ వంచి చూడండి. రంగు నాణెంతో పాటు కదలకుండా పైనే తేలుతున్నట్లు ఉంటే అది ప్లాస్టిక్ మీది మరక కావచ్చు. తిరిగే కాంతి రేఖ ఆ తేనె రంగు గుండా అడ్డం లేకుండా సాగిపోతోందా, లేక అక్కడికి రాగానే ఆరిపోతోందా? అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. అలాగే ఎడమ వైపున్న నక్షత్రాల చుట్టూ రంగు ఎలా ఉందో, తెలుపు నుంచి నీలం దాకా రంగులు ఏ వరుసలో మారుతున్నాయో రాయండి. ఇన్నాళ్లూ నాణేన్ని దేనిలో, వేటి పక్కన పెట్టారో కూడా చెప్పండి.

రసాయనప్రియ

భూతద్దం గారు రంగుల వరుస ఎందుకు అడిగారో వివరిస్తే ఈ చర్చ చదివే మిగతా వారికీ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

గాలిలో అతి స్వల్పంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి గంధకపు వాయువులు వెండిని తాకినప్పుడు ఉపరితలం మీద సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. మోర్గాన్ డాలరులో వెండి 90 శాతమే, మిగిలిన 10 శాతం రాగి. ఆ రాగి కూడా ఈ పనిలో తన వంతు పాత్ర పోషిస్తుంది. మొదట్లో పొర మందం కొన్ని పదుల నానోమీటర్లే కాబట్టి కాంతి దాని గుండా లోపలికి వెళ్లి, కింద ఉన్న లోహాన్ని తాకి వెనక్కు వస్తుంది. పొర పై నుంచి తిరిగి వచ్చిన కాంతి, లోహం మీది నుంచి తిరిగి వచ్చిన కాంతి ఒకదానితో ఒకటి కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చెరిగిపోతాయి. సబ్బు బుడగ మీదా, వాన నీటిలో పడిన నూనె తెట్టు మీదా మనం చూసే రంగుల వెనుక ఉన్నది ఈ సూత్రమే. ఆ పొరలో రంగు పదార్థమేదీ లేదు. మనకు కనిపించే రంగు దాని మందానికి గుర్తు.

అందుకే వరుస తప్పదు. పొర మందమయ్యే కొద్దీ ముందు లేత పసుపు, తరువాత తేనె రంగు, ఆపై ఎరుపు కలిసిన ఊదా, ఆ తరువాత నెమలికంఠపు నీలం వస్తాయి. ఇంకా మందమైతే మళ్లీ పసుపు, గులాబీ, ఆకుపచ్చ రంగులతో రెండో చుట్టు మొదలవుతుంది. చివరికి కాంతి లోపలికి దిగలేనంత మందమైనప్పుడు మిగిలేది నలుపే. వెండివెన్నెల గారి నాణెంలో అంచున నీలం, దాని లోపల తేనె రంగు, ఆపైన తెలుపు ఉన్నాయంటే పొర అంచున దట్టంగా ఉండి మధ్యకు వెళ్లే కొద్దీ పలుచబడుతోందని అర్థం. భూతద్దం పట్టుకుని నిదానంగా వెతికితే తేనె రంగుకూ నీలానికీ నడుమ వంగపండు రంగు సన్నగా కనిపించాలి.

వెండివెన్నెల

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి గదిలో ఒక్క దీపమే ఉంచి గంటసేపు చూశాను.

రంగు నాణెం మీదే ఉంది, ప్లాస్టిక్ మీద కాదు. కాంతి రేఖ తేనె రంగులో ఆగకుండా సాగుతోంది. నీలి గీత దగ్గర కొద్దిగా మసకబారినట్లు అనిపించినా, ఆరిపోవడం లేదు. రసాయనప్రియ గారు చెప్పినట్లే మధ్యలో వంగపండు రంగు దారమంత సన్నగా కనిపించింది. ఎడమ వైపు ఏడు నక్షత్రాలలో కింది నుంచి నాలుగు ఈ నెలవంకలో ఉన్నాయి. వాటి చుట్టూ, ముఖ్యంగా మూడో నక్షత్రం కొనల చుట్టూ, ఎవరో సూదితో గీసినట్లు తెల్లని సన్నని గీత మిగిలి ఉంది. రంగు నక్షత్రం దాకా వచ్చి, తాకకుండా ఆగినట్లు ఉంది.

దాచిన పద్ధతి గురించి చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. మఖమలు గుడ్డ అతికించిన చెక్క పెట్టెలో పెట్టాను. అది చాలదన్నట్లు, ఐదు స్లాబ్‌లను ఒకదాని మీద ఒకటి పేర్చి రబ్బరు బ్యాండు వేశాను. ఈ నాణెం అన్నిటికన్నా పైన ఉండేది. బ్యాండు తీసి చూస్తే స్లాబ్ ఎడమ అంచున, ప్లాస్టిక్ అతుకు మీద, అది ఒరుసుకున్న చోట లేత గోధుమ రంగు చార పడింది. నాణెం మీద రంగు వచ్చిన వైపు కూడా అదే.

భూతద్దం

మీరు వివరంగా చూసి రాసినందుకు సంతోషం. మూడో నక్షత్రం చుట్టూ మిగిలిన ఆ తెల్లని గీత మంచి సూచన. మెల్లగా వచ్చే రంగు ఎత్తుగా ఉన్న అక్షరాలు, నక్షత్రాల మొదట్లో తరచుగా ఇలాగే కాస్త ఎడం పాటిస్తుంది. కాంతి రేఖ బతికి ఉండటం అంతకన్నా మంచి సూచన. ప్రస్తుతానికి మీ నాణేనికి వచ్చింది రోగం కాదు.

రబ్బరు బ్యాండు విషయంలో మాత్రం తొందరపడి తీర్పు చెప్పకండి. రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు కాబట్టి అది నాణేలకు బద్ధశత్రువే, అందులో అనుమానం లేదు. అయితే బ్యాండు స్లాబ్ కుడి అంచు మీదుగా కూడా పోయి ఉంటుంది కదా? కుడి వైపు రంగు ఎందుకు రాలేదు? ఎడమ అతుకులో సందు కాస్త ఎక్కువగా ఉండి ఉండవచ్చు, లేదా నాణేన్ని పట్టి ఉంచే వలయం ఆ వైపు వదులుగా ఉండవచ్చు. పెట్టె చెక్క, మఖమలు, వాటిని అతికించిన జిగురు కూడా ఆరేళ్లుగా ఆ మూసిన గాలిలోకి తమ ఆవిర్లు వదులుతూనే ఉన్నాయి. దొంగలు నలుగురున్న చోట ఒక్కడినే కట్టేస్తే మిగిలిన ముగ్గురూ పని కానిస్తారు. బ్యాండుతో పాటు పెట్టెనూ మార్చండి.

రెండో సందేహం గ్రేడు గురించి. 1949లో విలియం షెల్డన్ పాత అమెరికన్ రాగి సెంట్ల కోసం రూపొందించిన 70 అంకెల కొలబద్ద నుంచి పుట్టిందే నేటి గ్రేడింగ్. పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థలు 1986లోనూ 1987లోనూ మొదలైనప్పటి నుంచి ఆ అంకె చీటీ మీదికి ఎక్కి స్లాబ్‌లో స్థిరపడింది. అంకె స్థిరపడింది కానీ లోహం స్థిరపడలేదు. ఆ చీటీ మీద ఉన్నది ఫలానా రోజున ఫలానా నిపుణులు చూసినప్పుడు నాణెం ఎలా ఉందో చెప్పే అభిప్రాయం మాత్రమే. రంగు వచ్చినంత మాత్రాన అంకె తగ్గదు. పొర లోహాన్ని తినే దశకు చేరి మెరుపు చచ్చిపోయినప్పుడు, మళ్లీ పంపితే అంకె బదులు వాతావరణం వల్ల దెబ్బతిన్నదన్న మాట రావచ్చు. మీది ఆ దశకు చాలా దూరంలో ఉంది.

రాగిరేకు

ఈ చర్చ చూసి నా గోడు కూడా రాయాలనిపించింది. వెండి వాళ్లకు కనీసం నెమలికంఠపు రంగులైనా దక్కుతాయి. రాగి సేకరించే మాకు దక్కేది గోధుమ రంగే.

రాగి నాణేలకు అంకెతో పాటు రంగును కూడా చీటీ మీద రాస్తారని తెలిసే ఉంటుంది. టంకశాల నుంచి వచ్చినప్పటి ఎరుపు దాదాపు 95 శాతం మిగిలి ఉంటే ఆర్‌డీ (రెడ్) అనీ, బాగా తగ్గి గోధుమ రంగు కలిస్తే ఆర్‌బీ (రెడ్ బ్రౌన్) అనీ, దాదాపు పూర్తిగా గోధుమ రంగుకు తిరిగితే బీఎన్ (బ్రౌన్) అనీ వేస్తారు. నేను ఆర్‌డీ అని చీటీ ఉన్న లింకన్ సెంటు ఒకటి కొన్నాను. చిత్రంలో అది కొత్త రాగి చెంబులా మెరిసింది. చేతికి వచ్చాక చూస్తే సగం ముఖం మీద గోధుమ నీడ పాకి ఉంది. అమ్మిన వ్యక్తిని అడిగితే చీటీ చదువుకోమన్నాడు. చీటీ ప్రకారం అది ఎరుపే. కంటి ప్రకారం కాదు. చిత్రం ఎప్పటిదని నేను అడగకపోవడం నా తప్పు.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. 2010 నుంచి గ్రేడు చేస్తున్న రాగి నాణేల రంగుకు పీసీజీఎస్ హామీ ఇవ్వడం లేదు. నాకు ఇది అన్యాయంగా తోచలేదు. నాణెం వాళ్ల గుమ్మం దాటాక ఎవరి అలమరాలో, ఎంత తేమలో ఉంటుందో వాళ్లకెలా తెలుస్తుంది? కానీ కొనేవాడు హామీ పత్రం చదవకుండా చీటీనే నమ్ముతాడు, నాలాగే.

కొత్తసేకర్త

పెద్దలందరికీ నమస్కారం. నేను ఈ రంగంలోకి వచ్చి ఏడాది కూడా కాలేదు, అడిగేది తెలివితక్కువ ప్రశ్న అయితే మన్నించండి. ఇంద్రధనుస్సు రంగులున్న నాణేలు మామూలు తెల్లని నాణేల కన్నా ఎంతో గిరాకీతో అమ్ముడుపోవడం చూస్తున్నాను. రంగు వచ్చేది గంధకం వల్లే అయినప్పుడు, ఆ గంధకాన్ని మనమే చూపించి రంగు తెప్పిస్తే తప్పేమిటి? పైగా ఈ మధ్య అమ్మకానికి వచ్చిన ఒక స్లాబ్ చిత్రంలో నాణెం ముఖమంతా ఒకే ముదురు నీలం, ఊదా రంగులలో మెరిసిపోతోంది. అది సహజమేనా?

భూతద్దం

ప్రశ్న తెలివితక్కువది కాదు. మా రంగంలో సగం తగవులు దీని చుట్టూనే ఉన్నాయి.

సహజమైన రంగుకు ఒక కథ ఉంటుంది, ఆ కథ నాణెం మీద చదవగలగాలి. మోర్గాన్ డాలర్లను వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో కట్టి ఖజానాల్లో దశాబ్దాల పాటు ఉంచారు. సంచి గుడ్డకు ఆనుకుని ఉన్న నాణెం మీద నేత గుర్తులు రంగుగా పడ్డాయి. పక్క నాణెం సగం కప్పేసిన చోట నెలవంకలా తెలుపు మిగిలి, కప్పని భాగం రంగు తిరిగింది. చుట్టగా కట్టిన నాణేలలో చివరి దాని బయటి ముఖానికే రంగు వస్తుంది, మధ్య వాటికి రాదు. పాత అట్ట ఆల్బముల్లో పెట్టిన వాటికి రంగు అంచు నుంచి మధ్యకు వలయాలుగా పాకుతుంది. అమెరికా టంకశాల 1947 నుంచి 1958 వరకు, 1950లో తప్ప, ఏటా అమ్మిన మింట్ సెట్లలో, అంటే ఆ ఏటి నాణేలను కలిపి అమ్మే కట్టల్లో, నాణేలను అట్టల్లో పొదిగి ఇచ్చేది. ఆ అట్టల్లోని గంధకం పుణ్యాన వచ్చిన రంగులను అలవాటైన కన్ను దూరం నుంచే పోల్చుకుంటుంది.

తెప్పించిన రంగులో ఈ కథ తప్పుతుంది. తెలుపు పక్కనే, నడుమ పసుపు లేకుండా, ఒక్కసారిగా ముదురు నీలం మొదలవుతుంది. ఎత్తైన చోట్లకూ పల్లానికీ తేడా లేకుండా రంగు పూసినట్లు సాగుతుంది. పాత గీతల లోపల కూడా అదే రంగు అంతే చిక్కగా ఉంటే, గీత పడిన తరువాతే రంగు వచ్చిందని తెలుస్తుంది. రంగు లోహంలో కలిసినట్లు కాక, పైన తేలుతున్నట్లు కనిపిస్తుంది. అలాంటి వాటికి పీసీజీఎస్ అంకె వేయకుండా 91 అనే సంకేతం ఇస్తుంది, అంటే రంగు అనుమానాస్పదమని. మరోవైపు, చూడగానే కట్టిపడేసే నాణేలకు ఎన్‌జీసీ అంకె పక్కన నక్షత్రం గుర్తు వేస్తుంది.

మీరు చూసిన చిత్రం సంగతి చిత్రాన్ని బట్టి చెప్పలేను. దీపాన్ని ఒక కోణంలో పెట్టి, రంగుల గాఢత కాస్త పెంచితే బూడిద రంగు నాణేన్ని కూడా నెమలి పింఛంలా చూపించవచ్చు. స్లాబ్‌ను వంచుతూ తీసిన వీడియో అడగండి. నిజమైన రంగు కోణం మారినప్పుడు తానూ మారుతుంది.

ఒరుపురాయి

భూతద్దం గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక మాట విభేదిస్తాను. సహజం, కృత్రిమం అనే గీత మనం అనుకున్నంత స్పష్టమైనది కాదు. ఆల్బములో ముప్పై ఏళ్లు ఉన్న నాణెం మీద ఉన్నదీ సిల్వర్ సల్ఫైడే, గంధకం కలిపిన నీటి ఆవిరి మీద పది నిమిషాలు పట్టిన నాణెం మీద ఉన్నదీ సిల్వర్ సల్ఫైడే. ఒక పెద్దమనిషి మంచి రంగు రావాలన్న ఆశతోనే నాణేన్ని పాత కాగితపు కవరులో వేసి, వెచ్చగా ఉండే కిటికీ పక్కన ఐదేళ్లు ఉంచాడనుకోండి. వరుస తప్పదు, నక్షత్రాల చుట్టూ ఎడం ఉంటుంది, భూతద్దం కింద అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. ఉద్దేశం మాత్రం తెప్పించడమే. దీన్ని ఏ నిపుణుడు పట్టుకోగలడు? గ్రేడింగ్ సంస్థలు చెప్పేది ఈ రంగు సహజమని కాదు, బజారు దీన్ని ఒప్పుకుంటుందని. ఈ రెండింటికీ తేడా ఉందని కొత్తగా వచ్చిన వారికి మనం చెప్పాలి.

రసాయనప్రియ

ఒరుపురాయి గారి వాదనలో బలముంది, కానీ ఒక చోట సవరించాలి. పదార్థం ఒకటే అయినా అది పేరుకున్న తీరు ఒకటి కాదు. చిక్కటి ఆవిరిలో నిమిషాల్లో ఏర్పడిన పొర సాధారణంగా ఎగుడుదిగుడుగా పెరుగుతుంది. చెమ్మ బిందువులు ఆగిన చోట చుక్కలు పడతాయి, వేలి జిడ్డు ఉన్న చోట మరకలు తేలతాయి. ఏళ్ల తరబడి అతి పలుచని గాలిలో పెరిగిన పొరలో రంగు నుంచి రంగుకు మారే మెట్లు నునుపుగా ఉంటాయి. కాబట్టి మనం పట్టుకోగలిగేది వేగాన్నే, మనసులోని ఉద్దేశాన్ని కాదు. ఆయన చెప్పిన కవరు పెద్దమనిషి భూతద్దం నుంచి తప్పించుకుంటాడని నేనూ ఒప్పుకుంటున్నాను.

భూతద్దం

ఒప్పుకోక తప్పదు. ఆ పెద్దమనిషి ఓపికకు మాత్రం నమస్కారం.

పాలచుక్క

కొంచెం పక్కకు వెళుతున్నానేమో, అయినా స్లాబ్‌లో మారిన నాణెం గురించే కాబట్టి అడుగుతున్నాను. నా దగ్గర ఎంఎస్ 70 చీటీ ఉన్న అమెరికన్ సిల్వర్ ఈగల్ ఉంది. ఏడాది తరువాత దాని మీద పాలు చిందినట్లు తెల్లని చుక్కలు తేలాయి. ఇది కూడా టోనింగేనా, అంటే మీరు చెబుతున్నట్లు రంగు తిరగడమేనా? తీసేయవచ్చా?

మరో తప్పు కూడా చెప్పేస్తాను. చుక్కలు ప్లాస్టిక్ మీదివేమో అనుకుని గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌ను దూదికి అద్ది స్లాబ్ మీద రుద్దాను. రెండు క్షణాల్లో దూది ప్లాస్టిక్‌కు అంటుకుంది, లాగితే దాని పోగులు అక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు ఆ కిటికీలోంచి చూస్తే పొగమంచులో నాణేన్ని చూస్తున్నట్లుంది.

రసాయనప్రియ

మీ చుక్కలు టోనింగ్ కావు, గంధకానికీ వాటికీ సంబంధం లేదు. ముద్రణకు ముందు వెండి బిళ్ళలను కడిగిన ద్రవం పూర్తిగా పోకుండా మిగిలి, బిళ్ళలను కొలిమిలో కాల్చి మెత్తబరిచేటప్పుడు ఉపరితలంలో ఇమిడిపోవడం వల్ల ఇవి వస్తాయన్నది ఎక్కువ మంది ఒప్పుకునే వివరణ. ముద్రించినప్పుడు కనిపించవు, గ్రేడింగ్ నాడూ కనిపించవు, నెలలు గడిచాక తేలతాయి. అందుకే 70 అన్న అంకె కింద చుక్కల నాణెం కూర్చునే విడ్డూరం జరుగుతుంది. కెనడా టంకశాల మేపుల్ లీఫ్ నాణేలపై ఈ బెడదను తగ్గించడానికి 2018లో మింట్‌షీల్డ్ అనే ఉపరితల పద్ధతిని ప్రవేశపెట్టింది. వచ్చిన చుక్కలను నమ్మకంగా తీసే ద్రవమేదీ లేదు. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో రుద్దితే చుక్క పోయినట్లే ఉంటుంది, దాని చోట గీతలు మిగులుతాయి.

అసిటోన్ వెండికి హాని చేయదు, ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. దాని పని స్లాబ్‌లో లేని నాణేల మీద, అదీ పీవీసీ అనే మెత్తని ప్లాస్టిక్ సంచుల నుంచి అంటిన ఆకుపచ్చ జిగటను వదిలించడానికి. అప్పుడైనా గోళ్ల రంగు తుడిచేది కాదు, వేరే ఏమీ కలపని శుద్ధమైన అసిటోనే వాడాలి. చుట్టుపక్కల మంట లేకుండా, గాలి ఆడే చోట చేయాలి.

వెండివెన్నెల

చర్చ ఎంతో నేర్పింది. అయినా నా మూడో సందేహం తీరలేదు. నాకు రంగుల మీద మోజు లేదు, తెల్లని నాణెమే ఇష్టం. స్లాబ్ పగలగొట్టి, రంగు పొరను కరిగించే డిప్ ద్రవంలో ఒక్కసారి ముంచి, మళ్లీ గ్రేడింగ్‌కు పంపితే మళ్లీ ఎంఎస్ 65 రాదా?

ఒరుపురాయి

రావచ్చు, రాకపోవచ్చు. నేను చేసిన పని చెబుతాను, తరువాత మీ ఇష్టం.

నా దగ్గర 1923 నాటి పీస్ డాలరు అనే అమెరికా వెండి నాణెం ఒకటి ఉండేది. ముఖం మీద తుప్పు రంగు మచ్చలుంటే నచ్చక డిప్ ద్రవంలో ముంచాను. ఆ ద్రవంలో ఆమ్లంతో పాటు థయోయూరియా ఉంటుంది. అది సల్ఫైడ్ పొరను కరిగిస్తుంది. అయితే ఆ పొర బయటి నుంచి వచ్చి కూర్చున్న దుమ్ము కాదు, అందులో ఉన్నది నాణెపు వెండే. పొరతో పాటు ఆ వెండీ పోతుంది. మనం మెచ్చుకునే తిరిగే కాంతి, ముద్ర పడేటప్పుడు లోహం అంచు వైపు పారడం వల్ల ఏర్పడిన కంటికి ఆనని గీతల నుంచి వస్తుంది. ముంచిన ప్రతిసారీ ఆ గీతలు కొంచెం కొంచెం అరుగుతాయి. మొదటిసారి మచ్చలు సగం పోయాయి. ఆశతో రెండోసారి, కోపంతో మూడోసారి ముంచాను. బయటికి తీసేసరికి నాణెం తెల్లగానే ఉంది, సున్నం కొట్టిన గోడలా. తిప్పితే వెలుగు తిరగలేదు. పైగా కడగడం చాలక అక్షరాల మొదళ్లలో ద్రవం మిగిలిపోయిందేమో, రెండేళ్లలో అక్కడ మొదటి మచ్చల కన్నా వికారమైన పసుపు మరకలు తేలాయి. గ్రేడింగ్‌కు పంపితే శుభ్రం చేసినదన్న మాటతో, అంకె లేకుండా తిరిగి వచ్చింది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

అనుభవజ్ఞులు ఒకే ఒక్క ముంపుతో, ధారాళంగా స్వచ్ఛమైన నీటితో కడిగి, మంచి ఫలితం సాధించడం నేను చూశాను. తెల్లగా ఉన్న పాత మోర్గాన్‌లలో చాలా వాటికి అలాంటి స్నానాలు అయ్యే ఉంటాయి, మీ నాణేనికి కూడా అయి ఉంటే ఆశ్చర్యపోను. నిజంగా అవసరమైతే ఎన్‌జీసీకి అనుబంధంగా ఉన్న ఎన్‌సీఎస్ లాంటి సంరక్షణ సేవలకు పంపవచ్చు. వాళ్లు ముందు చూసి, లాభం లేదనిపిస్తే తాకరు. మనకు లేనిది ఆ నిగ్రహమే.

రాగిరేకు

ఇంకొక మాట. స్లాబ్ పగలగొట్టిన మరుక్షణం మీ చేతిలో ఉండేది ఎంఎస్ 65 నాణెం కాదు, గ్రేడు లేని నాణెం. సుత్తి దెబ్బకో శ్రావణం పట్టుకో లేచిన ప్లాస్టిక్ పెచ్చు నాణెం మీదున్న ఆ స్వేచ్ఛా దేవి చెంప మీద గీత పెడితే ఆ పాపం ఎవరిది?

భూతద్దం

వెండివెన్నెల గారూ, నా సలహా కూడా అదే. డిప్ ద్రవం పలుచని పసుపునీ నీలాన్నీ ఎప్పుడైనా తీయగలదు. నలుపుకు తిరిగితే మాత్రం కింద లోహం గుంటలు పడి ఉంటుంది, అప్పుడు ఏ ద్రవమూ చేసేదేమీ లేదు. కాబట్టి మీ పని తీసేయడం కాదు, ఆపడం.

చెక్క పెట్టె, మఖమలు, రబ్బరు, ఉన్ని గుడ్డ, పాత అట్టలు, వార్తాపత్రికలు, పీవీసీ సంచులు ఏవీ దగ్గరకు రానివ్వకండి. మూత గట్టిగా పట్టే, పీవీసీ కాని ప్లాస్టిక్ పెట్టె తీసుకుని, అందులో సిలికా జెల్ పొట్లం వేసి, అది రంగు మారినప్పుడల్లా ఆరబెట్టి లేదా మార్చి, తేమ 50 శాతం దాటకుండా చూడండి. సిలికా జెల్ తేమను పడుతుంది కానీ గంధకాన్ని పట్టదు. గంధకం కోసం అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో పుట్టిన ఇంటర్‌సెప్ట్ పద్ధతి పెట్టెలు ఉన్నాయి. వాటి ప్లాస్టిక్‌లోనే రాగి కణాలు ఉంటాయి, గంధకపు వాయువులు నాణెం దాకా రాకముందే ఆ రాగి వాటిని పట్టేసుకుంటుంది. పెట్టె లోపల ఎప్పటికప్పుడు నల్లబడుతూ పోయేది పెట్టెయే, నాణెం కాదు.

తరువాత, ఒకే దీపం, ఒకే దూరం, ఒకే కోణం పెట్టుకుని మూడు నెలలకోసారి ఫొటో తీయండి. జ్ఞాపకం మీద ఆధారపడితే ఉన్న రంగు పెరిగినట్లూ అనిపిస్తుంది, పెరిగినది ఉన్నట్లూ అనిపిస్తుంది.

వెండివెన్నెల

తొమ్మిది నెలల తరువాత మళ్లీ ఇక్కడికి వస్తున్నాను. పెట్టె మార్చాను, బ్యాండ్లు పారేశాను, మీరు చెప్పినట్లే మూడు విడతలు ఫొటోలు తీశాను. తెర మీద పక్కపక్కన పెట్టి మూడో నక్షత్రాన్ని గుర్తుగా తీసుకుని చూశాను. నీలి గీత లోపలి అంచు ఆ నక్షత్రం బయటి కొనకు మొదటి ఫొటోలో ఎంత దూరంలో ఉందో మూడో ఫొటోలోనూ అంతే దూరంలో ఉంది. తేనె రంగు కూడా కదలలేదు. స్లాబ్ పగలగొట్టే ఆలోచన మానుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ నెలవంక మీద కొంచెం ప్రేమ కూడా పుట్టింది.

ఒక కొత్త విషయం మాత్రం ఉంది. అదే కట్టలో అన్నిటికన్నా అడుగున మఖమలుకు ఆనుకుని ఉన్న 1921 మోర్గాన్‌ను ఎప్పుడూ తిరగేసి చూడలేదు. నిన్న బొరుసు వైపు చూస్తే గద్ద కుడి రెక్క కింద లేత పసుపు నీడ ఉంది. దానికి ముందు తీసిన ఫొటో ఒక్కటీ లేదు. అది పాతదో, పెట్టె మార్చాక వచ్చిందో ఇప్పుడు ఎలా తెలుసుకోవాలి?

భూతద్దం

గడిచిన దాన్ని తెలుసుకునే దారి లేదు. ఈ రాత్రే, ఆ మూడో నక్షత్రానికి వాడిన దీపం కిందే, దానికి కూడా మొదటి ఫొటో తీయండి. పసుపు నీడ చివర రెక్కలోని ఏ ఈక దగ్గర ఆగిందో రాసి పెట్టుకోండి. మిగిలిన మూడు స్లాబ్‌లనూ రెండు వైపులా తిరగేసి చూశారా?